జేబుల ముచ్చట

ఇట్ల దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. దూరం కూసుంటే నా గొంతు మీదాక రాదు. మధ్యల "ఏమన్నవ్ అవ్వా" అనుకుంట కతను తెంపుతరు, నాకేమో తెగినకాడ మళ్ల ముడేసుడు రాదు. చేతులల్ల ఫోన్లు ఉంటే ఉండనియ్యిండ్రి, ఇది సుత ఫోన్ల ముచ్చటే.

తెలంగాణ కోసం ఊర్లకు ఊర్లు రోడ్డు మీదికొచ్చిన దినాలవి. జనగామల స్టేషన్‌కు పోయే తొవ్వల శ్రీపాల్ అనే పిలగానికి ఒక ఫోన్ల దుకాణం ఉండె. దుకాణం అంటే ఏమంత దుకాణం, ఇద్దరు నిలవడితే మూడో మనిషి గాలి కోసం బయటికి పోవాలె. ఊరు పాలకుర్తి. రింగుల జుట్టు, తియ్యటి నోరు. ఖరాబైన ఫోన్లు బాగుచేస్తుండె, మెమరీ కార్డులల్ల పాటలు ఎక్కిస్తుండె.

ఆయనకొక దోస్తు, సురేందర్. మహబూబాబాద్ పక్కపొంటి తండా పిలగాడు. మానుకోట అంటం చూడు మనం, ఆ మానుకోట. ఇద్దరు కలిసి వారం వారం ఒక ముచ్చట రికార్డు చేస్తుండిరి. కొత్తగ ఏ ఫోన్ వచ్చింది, ఏ సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఏది మంచిది, ఏది మోసం. దాన్ని పాడ్‌కాస్ట్ అంటరట. నన్నడిగితే రేడియో లెక్కనే. కాకపోతే రేడియో దానికి బుద్ధి పుట్టినప్పుడు మాట్లాడుతది, ఇది మనం ఒత్తినప్పుడు మాట్లాడుతది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు "జేబుల ముచ్చట".

ఇంటర్నెట్ల పెడితే అప్పుడు ఇనేటోళ్లు ఎవరు? అందుకని పాటల కోసం వచ్చిన ప్రతి కార్డుల పాటలతో పాటు ఆ వారం ముచ్చటను సుత ఎక్కిచ్చి ఇస్తుండిరి. అది ఆటో ఎక్కేది, కొడకండ్ల పోయేది. బ్లూటూత్‌ల ఒక ఫోన్‌లకెల్లి ఇంకో ఫోన్‌లకు దుంకేది, మానుకోట పోయేది. భూపాలపల్లి బొగ్గుబాయికి పోయేటోళ్ల జేబులల్ల దాక పోయేది.

ఒకనాడు వాన దంచి కొడుతుంటే ఒక పిల్ల దుకాణం ముందల నిలవడి గొడుగు దులిపింది. ఆ నీళ్లన్ని శ్రీపాల్ మొకం మీద పడ్డయి.

"జేబుల ముచ్చట చెప్పేది నువ్వేనా అన్నా?"

శ్రీపాల్ మొకం తుడుసుకున్నడు, జుట్టు సర్దుకున్నడు. పేరున్నోళ్లకు ఇట్లనే మనుషులు ఎతుక్కుంట వస్తరనుకున్నడు. "నేనే. ఫోటో దిగుతరా?"

"దిగుత గని, ముందుగాల దీంట్ల తెలుగు చూపియ్యి."

కొత్త టచ్ ఫోన్ బల్ల మీద పెట్టింది. శ్రీపాల్ మెసేజ్ తెరిచిండు. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. డబ్బాలు, డబ్బాల పక్కన డబ్బాలు.

"ఏం కనవడ్తున్నది?"

"డబ్బాలు."

"మా మేనత్త కట్టమ్మకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. నీ ముచ్చట ఇని ఇదే ఫోన్ కావాలని కొనుక్కున్నది. 'తెలుగు అక్షరాలు ముత్యాల్లెక్క మెరుస్తయి, చేతుల పట్టుకుంటేనే తెలుస్తది' అన్నవ్ కద. ఇవి ముత్యాలా?"

"నాలుగు మూలల ముత్యాలు," అన్నడు మూలకు కూసున్న సురేందర్.

"నువ్వు దీన్ని చేతుల పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

"ఎన్నడు?"

"ఇగో, ఇప్పుడు."

సురేందర్ నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగిండు, ఏదో కింద పడ్డట్టు. ఆ పిల్ల నవ్వలే. "అంటే చూడకుంటనే చెప్పినవా?"

"ఇంటర్నెట్ల చదివిన."

"మరి చదివిన అని చెప్పాలె. చూసిన అని ఎందుకు చెప్పినవ్?"

"చదివిన అంటే ఎవరింటరు?"

"నేను ఇంట."

శ్రీపాల్ బల్ల మీది ఫోన్‌ను దగ్గరికి గుంజుకున్నడు. వాన సుత ఇదే సందు అనుకొని ఇంకింత జోరందుకున్నది, పిల్ల ఎటు పోకుండ.

ఆ పిల్ల పేరు కల్యాణి. భూపాలపల్లి దిక్కు రేగొండ వాళ్లది. మేనత్త ఇంట్ల ఉండి ఇక్కడి కంప్యూటర్ సెంటర్‌ల పిల్లలకు నేర్పుతుండె. వాన ఆగేదాక ఇద్దరు ఆ ఫోన్ మీద పడి తన్లాడితే, ఏదో చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చినంక డబ్బాల జాగల తెలుగు వచ్చింది.

"వచ్చే ముచ్చటల నీ తప్పు నువ్వే చెప్పుకోవాలె అన్నా," అన్నది పోవుకుంట.

"నేనొక్కన్ని చెప్తే ఇది సుత అబద్ధమనుకుంటరు. నువ్వు పక్కన ఉంటే నమ్ముతరు."

"నీ తప్పుకు నేను సాక్ష్యమా?"

"సాక్ష్యం వద్దు. కొట్లాడు చాలు. అది మంచిగ వస్తది నీకు."

అట్ల వచ్చింది కల్యాణి మైకు ముందలికి. ఒక్కసారే అని వచ్చింది, మళ్లొచ్చే వారం సుత వచ్చింది. పేరు మాత్రం చెప్పొద్దన్నది. రేగొండల వాళ్ల బాపు సోమనర్సయ్య గట్టి మనిషి. మంచి సంబంధం దొరికేదాక జనగామల ఉండు బిడ్డా అని పంపిండు గని, పదిమంది నోట్లె పేరు పడితే ఆ దినమే ఇంటికి తోలుకపోత అని ముందే చెప్పిండు. అందుకే ముచ్చటల ఆమె ఉత్త "మేడం".

ఆ మేడం వచ్చినంక ముచ్చటకు జీవమొచ్చింది. శ్రీపాల్ ఏ ఫోన్ పేరెత్తినా, "చూసినవా, చదివినవా?" అని అడిగేది. "చదివిన మేడం" అని ఆయన గొంతు సన్నగ చేసి చెప్పేది. ఆటోలల్ల కూసున్నోళ్లు కిలకిల నవ్వేది. పత్తి ఏరే ఆడోళ్లు సుత ఒకరినొకరు "చూసినవా, చదివినవా" అని ఎక్కిరిచ్చుకునేది.

ఒకనాడు సురేందర్ దోస్తును పక్కకు గుంజిండు. "ఒక సంగతి చూసినవా? ఆమె నన్ను సురేందరన్నా అంటది. నిన్ను 'ఇగో' అంటున్నది. మునుపు నిన్ను సుత అన్నా అనేది."

"అయితేంది?"

"అయితేంది అంటె నేనేం జెప్పాలె? ఆ అన్న ఎటు పోయిండో నువ్వే దేవులాడుకో."

శ్రీపాల్ ఆ దినమంత దేవులాడిండు. దేవులాడిన కొద్ది చెవులు ఎర్రగైనయి.

ఇగ సమ్మె షురువైంది. బస్సులు బందు, బడులు బందు, కరెంటు వస్తే వచ్చినట్టు పోతే పోయినట్టు. ఆటోలే దిక్కు. జనగామ చౌరస్తల వంటావార్పు పెట్టిండ్రు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడనే వండి, అక్కడనే తినుడు. అది సుత కొట్లాటనే, కడుపు నింపే కొట్లాట. కట్టమ్మ వెంట కల్యాణి వచ్చి అన్నం గుండిగ ముందల తెడ్డు పట్టుకొని నిలవడ్డది. దుకాణంల కరెంటు లేదని శ్రీపాల్, సురేందర్ అక్కడికే వచ్చిండ్రు. ఫోన్‌ల రికార్డింగు పెట్టి, బియ్యం బస్త మీద ఉంచి, తుంపర పడకుండ తువాల కప్పిండ్రు.

"మనం నోటితోని చెప్తే ఇని పనిచేసే ఫోన్ వచ్చిందట," అన్నడు సురేందర్. "మేడం అడగకముందే చెప్తున్న, చూడలే, చదివినం."

"మన మాట అర్థమైతదా దానికి?" అన్నది కల్యాణి.

"ఎందుకు కాదు?" అన్నడు శ్రీపాల్.

"'జర మా అత్తకు ఫోన్ కొట్టు, పరేషాన్ అయితుంటది' అని చెప్తే?"

"అది పరేషాన్ అయితది," అన్నడు సురేందర్.

అట్ల నవ్వుకుంట ముచ్చట ఒడిసిపోయింది. సురేందర్ విస్తర్లు తెస్త అని పోయిండు. ఫోన్ తువాల కిందనే ఉన్నది. దాన్ని బందు చేసుడు ఒక్కరికి యాదికి లేదు.

"ఫోన్‌కు అర్థమైతదో లేదో గని," అన్నడు శ్రీపాల్, "నా మాట నీకైతే అర్థం కావాలె."

"ఏం మాట?"

"ఇది నేను యాడ చదవలే. ఒకరు చెప్పలే. నా అంతల నాకే తెలిసింది."

"మొదలు మంచిగనే ఉన్నది. అసలు సంగతి చెప్పు, అన్నం అడుగంటుతది."

"నువ్వు దుకాణానికి రాని రోజు ఏ ఫోన్ విప్పినా సక్కగ బిగిస్తలేను. స్క్రూలు మిగులుతున్నయి."

"కొత్త స్క్రూడ్రైవర్ కొనుక్కో."

"కల్యాణీ, నువ్వంటే నాకు పానం."

కల్యాణి తెడ్డు తిప్పుడు ఆపలే. తిప్పుడు మాత్రం అదే జాగల పడ్డది. అట్లనే అన్నది: "ఈ మాట రేగొండల మా బాపుకు చెప్పు. సోమనర్సయ్య ఇల్లు అంటే ఎవరైన చూపిస్తరు. ఆయనకు చెప్పినంకనే నా జవాబు."

"జవాబు ఎటు దిక్కు ఉంటదో జర ఇషారా అన్న ఇయ్యి."

"ఇయ్య. పక్కకు జరుగు, పొగ నీ దిక్కే వస్తున్నది."

పొగ ఇంకో దిక్కు పోతున్నది గని, ఆయన జరిగిండు.

తెల్లారి పొద్దుగాల చాయ్ హోటల్ పెద్దులు గ్లాసు చేతికిచ్చుకుంట అడిగిండు, "రేగొండకు ఎప్పుడు పోతున్నవ్ శ్రీపాల్?"

"రేగొండకు నేనెందుకు పోత?"

"స్క్రూలు మిగిలినయంట కద."

చాయ్ గ్లాసు అక్కడనే పెట్టి శ్రీపాల్ దుకాణానికి ఉరికిండు. సురేందర్ తల పట్టుకొని కూసున్నడు. "నేను ఆఖరిదాక ఇనలే శ్రీపాల్. నిన్న జరసేపు కరెంటు వచ్చింది, మళ్ల పోతదని జల్ది జల్ది ఎక్కిచ్చిన."

"ఎన్ని కార్డులల్ల?"

"వచ్చిన అన్నిట్ల. బస్సులు లేవు కద, ఆటోలోళ్లంత ఇక్కడికే వచ్చిండ్రు."

ఇంటర్నెట్ల పెట్టింది అయితే తీసేస్తరట బిడ్డా. కార్డుల పోయిన ముచ్చట అట్ల కాదు, నోట్లకెల్లి పోయిన మాట లెక్కనే. ఆమె పేరున్నది దాంట్ల, బాపు పేరున్నది, ఊరు పేరున్నది. అది రేగొండ చేరితే సోమనర్సయ్య వచ్చి బిడ్డను తోలుకపోతడు. జవాబు రాకముందే మనిషి పోతది.

ఆ భయంల శ్రీపాల్‌కు ఒక ఉపాయం తట్టింది. సురేందర్ బండి మీద ఇద్దరు ఎల్లిండ్రు. ఆటో స్టాండు కనవడితే ఆగుడు, "అన్నా, ఈ వారం జేబుల ముచ్చటల వైరస్ పడ్డది. ఫోన్ మొత్తం ఖరాబైతది. ఇట్లియ్యి, తీసేస్త" అనుడు. జనం భయపడి ఫోన్లు చేతులల్ల పెడుతున్నరు. పాలకుర్తిల తీసిండు. కొడకండ్లల తీసిండు. మానుకోట స్టేషన్ ముందల ఉడకవెట్టిన పల్లికాయ అమ్మే వెంకటనర్సమ్మ ఒక్కతే ఫోన్ కొంగున కట్టుకొని ముడి బిగిచ్చింది.

"నేనియ్య."

"వైరస్ అవ్వా. ఫోన్‌కు జరమొచ్చినట్టు."

"వస్తే గోలీ ఏస్త గని ముచ్చట తియ్యనియ్య. ఆ పిల్ల ఏం జవాబు చెప్తదో అని పొద్దటిసంది నా పానం కొట్టుకుంటున్నది. ఆ పిలగాడు నీకేమన్న తెలుసా? గొంతు నీ తీరుగనే ఉన్నది."

"తెల్వదు అవ్వా," అన్నడు శ్రీపాల్.

"పాపం, మంచి పిలగాని లెక్కనే ఉన్నడు," అని దోసెడు పల్లికాయ చేతుల పోసింది. ఆయన వాటిని సురేందర్ జేబుల పోసిండు.

ఆ రాత్రి సురేందర్ వాళ్ల తండాల పండి, తెల్లారి రేగొండ తొవ్వ పట్టిండ్రు. పరకాల దాటినంక కల్యాణి ఫోన్ వచ్చింది. సురేందర్ బండి పక్కకు ఆపిండు.

"ఇగో," అన్నది కల్యాణి. "మా సెంటర్ పిల్లలు ఏడ్సుకుంట వచ్చిండ్రు. ఫోన్లల్ల వైరస్ పడ్డదట. ఎవరు చెప్పిండ్రంటే నువ్వేనట."

"నీ కోసమే చేసిన. మీ బాపు ఇంటే..."

"అది నేను ఇన్న. ఆఖరిదాక ఇన్న, మళ్ల మొదటిసంది ఇన్న. నాకు దాంట్ల సిగ్గుపడే మాట ఒక్కటి కనవడలే. నువ్వు దాన్ని వైరస్ అన్నవ్."

శ్రీపాల్ బండి దిగి రోడ్డు అంచుకు నడిచిండు.

"మొదటిరోజు లేనిదాన్ని ఉన్నది అని చెప్పినవ్. నవ్వుకున్న, మన్నిచ్చిన. ఇయ్యాల ఉన్నదాన్ని లేదంటున్నవ్. ఇది నవ్వేది కాదు." ఫోన్ పెట్టేసింది.

సురేందర్ మెల్లగ అడిగిండు. "ఎనకకు పోదమా?"

"ముందుకే పోని," అన్నడు శ్రీపాల్. ఎందుకు అనేది ఆయనకే తెల్వదు.

రేగొండల రోడ్డు పక్కన సమ్మె టెంటు. కింద జంపఖానా పరుచుకొని ముసలోళ్లు, పడుసోళ్లు కూసున్నరు. బండి ఆగుడుతోనే తలపాగ చుట్టుకున్న ఒక పెద్దమనిషి లేచొచ్చిండు.

"ఫోన్లల్ల వైరస్ తీసే పిలగాండ్లు మీరేనా? ఆటోలోళ్లు చెప్పిండ్రు, వస్తున్నరని. ఇగో, నాది చూడు." ఫోన్ శ్రీపాల్ చేతుల పెట్టిండు. "పాతయి మాత్రం తియ్యకు కొడుకా. అండ్ల ఒక మేడం ఉంటది. ఆమె ఆ పిలగాన్ని మాటలతోని కడిగేస్తుంటే నా పొద్దు దాంతోనే పోతది. కొత్తది ఒక్కటే తియ్యి. వైరస్ అన్నరని భయమై నేనింక ఇనలే."

"మీ పేరేంది కాకా?"

"సోమనర్సయ్య."

ఏం జేయాలె చెప్పుండ్రి బిడ్డా. ఫోన్ చేతులనే ఉన్నది. ఒక్కసారి ఒత్తితే ముచ్చట మాయమైతది. పెద్దమనిషి దండం పెట్టి చాయ్ తాగిచ్చి పంపుతడు. కల్యాణి పేరు బయటపడదు, జనగామలనే ఉంటది. శ్రీపాల్ బొటనవేలు అక్కడిదాక పోయి నిలవడ్డది. ఉన్నదాన్ని లేదంటున్నవ్ అన్న గొంతు చెవులల్లకెల్లి పోతలేదు.

"దీంట్ల వైరస్ లేదు కాకా," అన్నడు. "అది అబద్ధం. చెప్పింది నేనే. నా పేరు శ్రీపాల్. ఆ మేడం మాటలు పడేది నేనే. ఇది మీరు ఇనాలె. ఇన్నంక కొట్టినా పడత."

జంపఖానా నడుమ ఫోన్ పెట్టి ఒత్తిండు.

మాట ఇనే ఫోన్ ముచ్చట వచ్చింది, టెంటంత నవ్విండ్రు. స్క్రూలు మిగిలిన కాడ ఇంక నవ్విండ్రు. నువ్వంటే పానం అన్న కాడ ఒక ముసలాయన తొడ చరుచుకున్నడు. "రేగొండల మా బాపుకు చెప్పు, సోమనర్సయ్య ఇల్లు అంటే" అన్న మాట రాంగనే అందరి తలకాయలు సోమనర్సయ్య దిక్కు తిరిగినయి. పొగ ముచ్చట దాక నడిచి ఫోన్ దానంతట అదే ఆగిపోయింది.

సోమనర్సయ్య తలపాగ తీసి ఒళ్లె పెట్టుకున్నడు. సురేందర్ బండి తాళం చేతుల తయారుగ పట్టుకున్నడు.

"ఆ మేడం మా కల్యాణా?"

"అవును కాకా."

"ఇన్ని వారాలు నేను నవ్వింది నా బిడ్డ మాటలకా?" ఫోన్ దిక్కే చూసుకుంట అన్నడు. "ఇంట్ల నా ముందల నోరిప్పదు. గిట్ల నవ్వుతదని నాకే తెల్వదు. గొంతు సుత గుర్తువట్టలే."

తొడ చరుచుకున్న ముసలాయన అన్నడు, "వాడు కాకా అంటున్నడేందిరా సోమనర్సా? మామా అనమను."

"నువ్వు ఊకో," అన్నడు సోమనర్సయ్య. ఊకో అన్నడు గని కాదనలే. శ్రీపాల్ దిక్కు తిరిగిండు. "ఫోన్ నీ చేతులనే పెట్టిన కదరా. తీసేస్తే నాకు తెల్వకపోవు. ఎందుకు తియ్యలే?"

"తీస్తే ఆమె నన్ను ఇంకెన్నడు నమ్మది."

పెద్దమనిషి ఫోన్ తీసి బిడ్డకు చేసిండు. పెద్దగ ఇనవడేటట్టు పెట్టిండు.

"బిడ్డా, ఇక్కడ టెంటుల ఒక పిలగాడున్నడు. వైరస్ తీస్త అని వచ్చి, లేదని తనే ఒప్పుకున్నడు. నా ముందల ముచ్చట మొత్తం ఇనిపిచ్చిండు. నాకు చెప్పినంక నీ జవాబు అన్నవట కద. చెప్పిండు మరి."

అటు దిక్కు ఎంతసేపటికి సప్పుడు లేదు. కల్యాణి కోపంల ఉన్నదో, భయంల ఉన్నదో. శ్రీపాల్ జంపఖానా మీది దారాలు పీక్కుంట కూసున్నడు. టెంటు మీద చినుకులు మొదలైనయి.

"బాపూ," అన్నది కల్యాణి ఆఖరికి.

"చెప్పు బిడ్డా."

"నిన్నటిసంది తిరుగుతున్నడు. అన్నం తిన్నడా?"

సోమనర్సయ్య ఫోన్ చెవికి పెట్టుకున్నడు, ఇగ ఆ ముచ్చట పదిమందిది కాదన్నట్టు. "తినలే అనుకుంట, మొకం పీక్కపోయింది. నేను పెడత తియ్యి." లేచి తలపాగ చుట్టుకున్నడు. "ఏమయ్యా, జవాబు ఇనవడ్డదా? లే, ఇంటికి పోదం. కాళ్లు కడుక్కుందువు."

గంతే బిడ్డా. తర్వాత పెద్దలు కూసున్నది, లగ్గం మాట్లాడుకున్నది, ఏ ఇంటికైన ఉండేదే. మీరు మాత్రం ఈ కతను మరువకుండ్రి. రేపు మీ ఇంట్ల మీ ముందల సుత చిన్నోళ్లు కూసుంటరు. టెంటు మీద చినుకులు పడ్డకాడ జర ఆగుండ్రి, వాళ్లు "తర్వాత ఏమన్నది" అని అడగాలె. అడిగినంకనే చెప్పుండ్రి.